అంగం ముందరి చర్మం పొడిబారి మండుతోందా..? సబ్బుతో రుద్దొద్దు.. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ టెస్ట్ మస్ట్!

స్నానం చేస్తుంటే మంట. మూత్రం పోస్తుంటే చురుక్కుమనడం. అంగం ముందరి చర్మం పొడిబారి సన్నటి పగుళ్లు రావడం. చాలామంది మగవాళ్లకు ఏదో ఒక వయసులో ఎదురయ్యే సమస్యే ఇది. కానీ ఎవరికీ చెప్పుకోరు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే సిగ్గు. చివరికి మెడికల్ షాపులో "ఒరుపుకి ఏదైనా క్రీమ్ ఇవ్వండి" అని అడిగి, గుట్టుగా తెచ్చుకుని రాసేస్తుంటారు. రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది.. తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఇలా ఎందుకు జరుగుతుంది? ఇంట్లో ఏం చేయాలి? డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి? వివరంగా తెలుసుకుందాం..

ఈ చర్మం ఎందుకంత సున్నితం..?

ముందరి చర్మం బయటివైపు మామూలు చర్మంలాగే ఉంటుంది. లోపలివైపు మాత్రం పెదవి లోపలి భాగంలా పల్చగా, తేమగా ఉంటుంది. మన చర్మానికి సహజంగా కాస్త ఆమ్ల గుణం ఉంటే, మామూలు సబ్బులది క్షార గుణం. రోజుకు రెండు మూడు సార్లు సబ్బు పెట్టి రుద్దితే అక్కడున్న సహజమైన జిడ్డు మొత్తం పోతుంది. చర్మం ఎండిపోయి దురద, మంట మొదలవుతాయి. శుభ్రంగా లేకపోవడం వల్లే ఇలా అయిందనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. దాంతో సమస్య మరింత పెరుగుతుంది. యాంటీసెప్టిక్ లోషన్ కలిపిన నీళ్లు, సువాసన వచ్చే బాడీ వాష్‌లు, నిమ్మరసం లాంటి చిట్కాలు కూడా ఇదే పని చేస్తాయి.

అసలు కడగకపోయినా ఇబ్బందే. చర్మం కింద తెల్లటి పదార్థం పేరుకుని వాపు, దుర్వాసన వస్తాయి. బట్టల్లో సరిగ్గా జాడించని డిటర్జెంట్, బిగుతైన జీన్స్, ఎండలో గంటల తరబడి బైక్ మీద తిరిగితే పట్టే చెమట, కండోమ్‌లోని లేటెక్స్ పడకపోవడం కూడా కారణం కావొచ్చు. క్యాండిడా అనే ఫంగస్, ఎగ్జిమా, సోరియాసిస్, సుఖవ్యాధులు కూడా ఇలాగే మొదలవుతాయి. అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ మందులు మాత్రం వేరు.

షుగర్‌తో లింకేంటి..?

రక్తంలో షుగర్ బాగా పెరిగితే కొంత మూత్రంలోకి కూడా వస్తుంది. మూత్రం పోశాక చర్మం మడతలో మిగిలే ఆ చుక్కలే ఫంగస్‌కు మేత. అందుకే చర్మం చివర చుట్టూ పగుళ్లు రావడం, తగ్గి మళ్లీ రావడం కొందరిలో డయాబెటిస్‌కు తొలి సంకేతం అవుతుంది. తనకు షుగర్ ఉందన్న సంగతే ఆ మనిషికి అప్పటిదాకా తెలియదు. పరగడుపున షుగర్ 126 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన వచ్చినా డయాబెటిస్ కిందే లెక్క. డాక్టర్లు మరోసారి టెస్ట్ చేసి ఖరారు చేస్తారు.

ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు షుగర్‌ను మూత్రం ద్వారా బయటికి పంపిస్తాయి. వీటితో ఆ భాగంలో ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాగని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. విషయం డాక్టర్‌కు చెప్పాలి.

ఆ క్రీమ్‌తో జాగ్రత్త!

మెడికల్ షాపుల్లో తామరకు, దురదకు ఇచ్చే చాలా క్రీములు మిక్స్‌డ్ రకం. ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కూడా అందులో ఉంటుంది. రాయగానే మంట తగ్గేది దానివల్లే. కానీ ఫంగస్ లోపల అలాగే ఉండి, ఆపగానే మళ్లీ విజృంభిస్తుంది. పైగా పల్చటి చర్మం కాబట్టి మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడి చిన్న రాపిడికే చిట్లుతుంది. అందుకే కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలంటూ షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. కొన్ని చర్మ వ్యాధులకు డాక్టర్లే స్టెరాయిడ్ రాస్తారు. అయితే ఏ జబ్బుకు, ఎన్ని రోజులు అన్నది వాళ్లే తేల్చాలి.

ఇంట్లో ఇలా చేయండి..

* రోజుకు ఒకసారి చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపి, గోరువెచ్చని నీళ్లతో కడగాలి. అక్కడ సబ్బు అవసరం లేదు.
* మెత్తటి గుడ్డతో అద్దినట్టు తుడవాలి, రుద్దకూడదు. తడి పూర్తిగా ఆరాక చర్మాన్ని తప్పకుండా ముందుకు లాగాలి.
* పొడిగా అనిపిస్తే సువాసన లేని పెట్రోలియం జెల్లీ పల్చగా రాయొచ్చు.
* వదులైన కాటన్ లోదుస్తులు వేసుకోవాలి. చెమట పడితే మార్చుకోవాలి. పౌడర్ చల్లొద్దు.
* పగుళ్లు మానేదాకా కలయికకు దూరంగా ఉండాలి. పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె లాంటివి తగిలితే లేటెక్స్ కండోమ్ చిరిగిపోయే ప్రమాదం ఉంది.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి..?

వారం రోజులు ఈ జాగ్రత్తలు తీసుకున్నా తగ్గకపోతే చర్మవ్యాధుల నిపుణుడిని కలవాలి. పుండు, చీము, రక్తం, దుర్వాసన ఉంటే అన్ని రోజులు కూడా ఆగొద్దు. తెల్లటి మచ్చలు వచ్చి, చర్మం గట్టిపడి వెనక్కి రాకపోతే లైకెన్ స్క్లెరోసస్ కావొచ్చు. దీన్ని వదిలేస్తే మూత్రం దారి సన్నబడొచ్చు, కొద్దిమందిలో క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. భార్యకు కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఇద్దరూ చూపించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ పరీక్షలు, చికిత్స ఉచితం.

వెనక్కి జరిపిన చర్మం ముందుకు రాకుండా బిగుసుకుని, అంగం చివర వాచిపోతే మాత్రం అది ఎమర్జెన్సీ. గంటలు గడిచేకొద్దీ రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్నపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. పుట్టినప్పుడు ఈ చర్మం లోపల అతుక్కునే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దానంతటదే విడివడుతుంది. స్నానం చేయించేటప్పుడు బలవంతంగా వెనక్కి లాగితే చిట్లి, మచ్చపడి, తర్వాత నిజంగానే బిగుసుకుపోతుంది. పైపైన కడిగితే చాలు.

చేతి మీద దద్దుర్లు వస్తే చూపించుకుంటాం కదా.. ఇదీ అలాంటిదే. చర్మం డాక్టర్లు రోజూ చూసే సమస్యే. ఐదు నిమిషాల మొహమాటం పక్కన పెడితే, ఏళ్లుగా దాగున్న షుగర్ కూడా బయటపడొచ్చు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స కోసం డాక్టర్‌ను సంప్రదించండి.)