అరువు ఇంజను, నేలనంటిన బండి

1956లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల నిర్మాత, లూ బొరెల్లి అనే మిత్రుని సాయంతో, ఉక్కు గొట్టాలను అతికి, నాలుగు చిన్న చక్రాలు తగిలించి ఒక బండిని తయారుచేశాడు. దానికి అమర్చినది గడ్డి కోసే యంత్రానికి ఉద్దేశించిన రెండున్నర అశ్వశక్తి వెస్ట్‌బెండ్ ఇంజను. ఇంగెల్స్ భారీ విగ్రహం. ఆయనను లాగడానికి ఆ ఇంజను మొదట మొరాయించింది. కొన్ని మార్పుల తరువాత పాసడీనాలోని రోజ్ బౌల్ ఆవరణలో, కార్లు నిలుపుకునే విశాలమైన చోట, ఆ బండి చక్కగా పరుగెత్తింది. చూసినవారు తమకూ ఒకటి కావాలన్నారు. 1959లో మెక్‌కల్లక్ సంస్థ చెట్లు కోసే రంపపు ఇంజనును సవరించి, కార్ట్‌ల కొరకే ఒక ఇంజనును విపణిలోకి తెచ్చింది. పుట్టిననాటి నుండీ అరువు గుండెతో బ్రతికిన వాహనం గో-కార్ట్.

ఆ అరువుల వరుసలో అత్యంత సాహసోపేతమైనది డర్ట్ బైక్ ఇంజను. మట్టిదిబ్బల మీద ఎగిరి దూకే మోటారుసైకిలు గుండెను తీసి, నేలకు కొద్ది అంగుళాల ఎత్తున ప్రాకే బండికి అమర్చడమన్నమాట. అమెరికాలో ఇది కొందరి గరాజి సరదాగా మిగిలిపోలేదు. హోండా సి.ఆర్. 125 అనే 125 సి.సి. టూ-స్ట్రోక్ ఇంజనును, అందులోనూ 1999 నమూనాను, ఏ మార్పూ చేయకుండా వాడాలన్న నియమంతో సూపర్‌కార్ట్స్ యు.ఎస్.ఎ. సంస్థ ఏళ్ళ తరబడి పోటీలు నడిపింది. కార్ట్ కొరకే తయారైన ఐరోపా గేరు ఇంజన్లు ఖరీదైనవి, సున్నితమైనవి. హోండా విడిభాగాలో, ఊరిలోని మోటారుసైకిలు దుకాణంలోనే దొరికేవి. మన దేశంలోనూ ఇటువంటి ఆలోచనాపరులు లేకపోలేదు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ సాధారణ కుటుంబాలు నడుపుకునే మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లను నిర్మించి, ఎందరో యువకులకు పందెపు బాట చూపాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు.

ఈ ఇంజను ఇచ్చే శక్తి ఎంత? సుమారు 35 అశ్వశక్తి. వినడానికి స్వల్పమే. కాని చోదకునితో కలిపి కార్ట్ బరువు దాదాపు 175 కిలోలు. అంటే టన్నుకు 200 అశ్వశక్తి లెక్క. 130 అశ్వశక్తితో టన్నున్నర బరువుండే కుటుంబపు కారుకు ఈ లెక్క టన్నుకు 90 కూడా దాటదు.

శక్తి సంగతి అలా ఉంచి, అసలు చిక్కులు అమర్చిన తరువాతనే మొదలవుతాయి. మోటారుసైకిలు మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలుతుంది. అలా వాలినప్పుడు గురుత్వాకర్షణా, బయటికి నెట్టే అపకేంద్ర బలమూ కలిసి బండి నిలువు గీత వెంబడే పనిచేస్తాయి. అందువల్ల కార్బురేటరు అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలుకు తాను మలుపులో ఉన్నట్లే తెలియదు. నీళ్ళ చెంబును చేత పట్టి గిరగిర త్రిప్పినా చుక్క ఒలకకపోవడానికి కారణం కూడా ఇదే. కార్ట్ వాలదు. అది మలుపులో ఒక ‘జి’ పార్శ్వ త్వరణానికి లోనైతే గిన్నెలోని పెట్రోలు ఉపరితలం 45 డిగ్రీలు వంగుతుంది. మంచి టైర్లతో రెండు ‘జి’ల వరకూ చేరితే 63 డిగ్రీలు! పెట్రోలు ఒక గోడకు ఎగబ్రాకుతుంది, ఫ్లోటు దారి తప్పుతుంది, నడుమనున్న జెట్‌కు ఒకసారి కరువు, మరొకసారి వరద. మలుపు దాటి చోదకుడు యాక్సిలరేటరు త్రొక్కే సమయానికి ఇంజను దగ్గుతుంది. తెలియనివారు స్పార్క్ ప్లగ్గును నిందించి, నాలుగు ప్లగ్గులు మార్చి చూస్తారు. అసలు మందు ఫ్లోటు ఎత్తును సరిచూడటం, పొంగిన పెట్రోలు పోయే గొట్టాలను సరిగా మళ్ళించడం.

పెట్రోలు గూర్చి మరొక మాట. మోటారుసైకిలులో ట్యాంకు ఇంజను పైన ఉంటుంది గనుక ఇంధనం తనంతట తానే క్రిందికి జారుతుంది. కార్ట్‌లో ట్యాంకు చోదకుని కాళ్ళ నడుమ, నేల దగ్గర ఉంటుంది. కాబట్టి పంపు తప్పనిసరి. టూ-స్ట్రోక్ ఇంజను క్రాంక్ పెట్టెలో పీడనం ప్రతి చుట్టుకూ పెరిగి తగ్గుతుంది. ఒక సన్నని గొట్టంతో ఆ ఊపిరినే అరువు తెచ్చుకొని చిన్న పంపును నడిపిస్తారు. విద్యుత్తు అవసరం లేని ముచ్చటైన ఏర్పాటు ఇది.

ఇక చక్రం. డర్ట్ బైక్ వెనుక టైరు వ్యాసం సుమారు 25 అంగుళాలు, కార్ట్ వెనుక టైరు వ్యాసం 11. ఒక చుట్టుకు మొదటిది రెండు మీటర్లు పోతే, రెండవది 88 సెంటీమీటర్లే పోతుంది. ఉదాహరణకు బైకుకు ముందు 13, వెనుక 51 పళ్ళ స్ప్రాకెట్లు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 3.92. వాటినే కార్ట్‌కు తగిలిస్తే ఇంజను గొంతు చించుకుంటుంది గాని బండి సగం వేగం కూడా అందుకోదు. బైకుతో సమానమైన వేగానికి నిష్పత్తి 1.73 దగ్గరకు రావాలి, అనగా 15, 26 పళ్ళ జత. హైస్కూలు పిల్లలకు భిన్నాలు బోధించడానికి ఇంతకంటె రుచికరమైన ఉదాహరణ దొరకడం కష్టం.

కార్ట్ ఇరుసు కథ మరీ విచిత్రం. ఎద్దుల బండిలో ఇరుసు కదలదు, చక్రాలు దాని మీద వేటికవే తిరుగుతాయి. కాబట్టి మలుపులో పేచీ లేదు. కారుకు డిఫరెన్షియల్ ఉంది. కార్ట్‌కు రెండూ లేవు. రెండు వెనుక చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించబడి, కలిసే తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, కాని పోలేదు. దీనికి ఉపాయం ఆ చక్రాన్ని నేల నుండి వెంట్రుకవాసి లేపడమే. స్టీరింగు కోణమూ, చట్రం మెలికపడే గుణమూ కలిసి ఆ పని చేస్తాయి. స్ప్రింగులు లేని ఈ బండికి చట్రమే స్ప్రింగు. ఈ సంగతి తెలియని ఔత్సాహికుడు బరువైన బైకు ఇంజనును మందపాటి పట్టీలతో చట్రానికి అడ్డంగా వెల్డింగు చేస్తే, ఆ పక్క మెలికపడటం మానేస్తుంది. బండి ఎడమకు ఒక విధంగా, కుడికి మరొక విధంగా తిరుగుతుంది. అందుకే చట్రపు గొట్టాలను పట్టుకునే క్లాంపులతో ఇంజనును నిలుపుతారు. గొలుసు వరుస తప్పకుండా జరుపుకునే వీలు కూడా దీనితో కలుగుతుంది. వరుస తప్పి తెగిన గొలుసు ఎగిరేది చోదకుని మోచేతి దాపునే.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ఇంజను ‘సీజ్’ కావడం. టూ-స్ట్రోక్ ఇంజనుకు విడిగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దాని ప్రాణం. పొడవైన సరళమార్గం చివర చోదకుడు ఒక్కసారిగా కాలు తీస్తే, చక్రాలు ఇంజనును వేగంగా త్రిప్పుతూనే ఉంటాయి, పెట్రోలూ నూనె మాత్రం రావు. చలి ఉదయాన గాలి చిక్కనైనప్పుడు జెట్ మార్చకపోతే మిశ్రమం ముందే పలుచబడి ఉంటుంది. పిస్టను వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది. దానితోపాటు గొలుసు, ఇరుసు, రెండు వెనుక చక్రాలూ ఒకేసారి స్తంభిస్తాయి, బండి గిరగిర తిరుగుతుంది. గేర్లు లేని పాత 100 సి.సి. కార్ట్‌లలో చోదకులు ఆ క్షణాన కార్బురేటరు నోటిని అరచేతితో మూసి, ఒక గుక్క ఇంధనం ఎక్కువ లాగించేవారు. బైకు ఇంజనుకు క్లచ్ ఉండటం అదృష్టం. స్వరం మారగానే దానిని నొక్కే అలవాటు చోదకునికి ఉండాలి.

గేరులేని కార్ట్‌లకు సాధారణంగా వెనుక మాత్రమే బ్రేకులుంటాయి. గేరు కార్ట్‌లకు ముందు చక్రాలకూ అమరుస్తారు. పాత అద్దె కార్ట్ చట్రం మీద ఈ ఇంజనును పెట్టి, బ్రేకులను మరచిన ప్రయోగం మొదటి మలుపులోనే ముగుస్తుంది. రేసు కార్ట్‌లలో సీటు బెల్టులు ఉండవన్న విషయం చాలామంది తల్లిదండ్రులను నివ్వెరపరుస్తుంది. తలపై కాపు చట్రం లేని బండి తిరగబడితే, మనిషి దానికి కట్టుబడి ఉండటం కంటె విడివడటమే మేలని లెక్క. అందుకే హెల్మెట్, ప్రక్కటెముకల కవచం, మెడపట్టీ, నిర్ణీతమైన ట్రాకు ఉండాలి. ఇంటి ముందరి వీధి ఎన్నటికీ ట్రాకు కాదు. కొడుకో కూతురో గరాజిలో ఈ పనికి పూనుకుంటే, కాలేజీ రోజులలో స్కూటరు కార్బురేటరు విప్పిన తండ్రికి ప్రక్కన కూర్చొని గొలుసు వరుసనూ, క్లాంపు బోల్టులనూ తన చేతులతో సరిచూసే పని తప్పక ఉంటుంది.

డర్ట్ బైకులు క్రమంగా ఫోర్-స్ట్రోక్ ఇంజన్లవైపు మళ్ళాయి. హోండా 2007 నమూనాతో సి.ఆర్. 125 బైకు తయారీని నిలిపివేసింది. బైకు పోయినా దాని ఇంజను కార్ట్‌లలో మరెన్నో ఏళ్ళు పందేలు గెలిచింది. 2010ల చివర అమెరికా పోటీలలో దాని స్థానంలోకి ఇటలీలో తయారైన 175 సి.సి. ఇంజను వచ్చింది. అది కార్ట్ కొరకే పుట్టినది.