వెనిల్లా సాగు: తీగ కొనే ముందు చూసుకోవలసినవి

ఆర్కిడ్ అనగానే కుండీల్లో పెంచే ఖరీదైన పూల మొక్కలే గుర్తుకొస్తాయి. అదే కుటుంబంలో కాయ కోసం సాగు చేసే తీగ వెనిల్లా. ఐస్‌క్రీమ్, కేకులకు వాడే అసలైన సువాసన దీని కాయదే. ధర పెరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా "మేమూ వేయొచ్చా సార్?" అని రైతులు అడుగుతుంటారు. వేయొచ్చు. కానీ అన్ని చోట్లా కాదు, మొదటే ఎకరాలకు ఎకరాలూ కాదు.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా తేమ అడవులు. పచ్చని రసం నిండిన కాండం, మందపాటి ఆకులు, ప్రతి కణుపు దగ్గర ఆకుకు ఎదురుగా గాలివేరు ఉంటాయి. ఆ వేర్లతోనే చెట్టును పట్టుకుని పాకుతుంది. లేత పసుపుపచ్చ పూలు గుత్తికి 15-20 వస్తాయి. రోజుకు ఒకటే, ఎప్పుడైనా రెండు విచ్చుకుంటాయి. ఉదయం విచ్చిన పువ్వు మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య పల్చని పొర అడ్డుంటుంది. దాన్ని దాటించే తేనెటీగలు మన దగ్గర లేవు కాబట్టి ఆ పని మనిషే చేయాలి. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు చిన్న పుల్లతో పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అదమడం కనిపెట్టాడు. నేటికీ అదే పద్ధతి. చేయి తిరిగినవారు పూటలో వెయ్యికి పైగా పూలు చేయగలరు. గుత్తికి 8-10 పూలకు చేసి మిగతా మొగ్గలు తుంచేయాలి. అన్నీ ఉంచితే కాయలు సన్నబడి తీగ నీరసిస్తుంది. పూత కాలంలో ఇంట్లో పెళ్లి ఉన్నా సరే, తెల్లవారితే తోటలో ఉండాల్సిందే.

వెనిల్లాకు 21-32 డిగ్రీల వేడి, గాలిలో తేమ, సగం నీడ కావాలి. ఎండలు 40 డిగ్రీలు దాటే తెలంగాణ, రాయలసీమ బయలు పొలాల్లో పెట్టకండి. చింతపల్లి, లంబసింగి వైపు శీతాకాలపు చలికీ తట్టుకోదు. నీరు నిలవని కోనసీమ కొబ్బరి తోటల్లో, తడి సౌకర్యం ఉంటే ప్రయత్నించవచ్చు.

ముందు గ్లైరిసిడియా వంటి ఆధారపు చెట్లు పెంచుకోవాలి. మీటరు పొడవున్న ఆరోగ్యమైన తీగ ముక్క తీసుకుని, అడుగున మూడు నాలుగు ఆకులు తుంచి, ఆ కణుపులను నేలపై పరచి ఎండుటాకులు, కంపోస్టు కప్పాలి. కోసిన కొనను మట్టిలో పూడ్చితే కుళ్లుతుంది, కొద్దిగా పైకి ఉంచాలి. వేర్లు పైపైనే ఉంటాయి కనుక మొదట్లో తవ్వకండి. తీగ నాలుగైదు అడుగులు ఎక్కాక కిందికి వంచి కట్టాలి, లేకపోతే పువ్వు చేతికందదు. మూడో ఏట నుంచి పూత వస్తుంది. వేరుకుళ్లు పెద్ద శత్రువు. తెగులున్న తీగను పీకి కాల్చేసి, చుట్టూ 1 శాతం బోర్డో మిశ్రమం పోయాలి.

పూత తర్వాత తొమ్మిది పది నెలలకు కాయ కొన పసుపెక్కుతుంది. పచ్చికాయకు వాసన ఉండదు. వేడినీటిలో ముంచి, దుప్పట్లలో చుట్టి చెమట పట్టించి, ఎండబెట్టి, నెలల తరబడి నిల్వ ఉంచితేనే సువాసన వస్తుంది. ఆరు కిలోల పచ్చికాయకు సుమారు కిలో ఎండుకాయ మిగులుతుంది.

ధర సంగతికొస్తే, ప్రపంచ సరుకులో ఎక్కువ భాగం మడగాస్కర్‌దే. 2000లో అక్కడ తుఫాను పంటను దెబ్బతీశాక ధర ఆకాశానికెక్కింది. అది చూసి కేరళ, కర్ణాటక రైతులు తోటలు పెట్టారు. తీగ ముక్కలు అమ్మినవారు బాగానే సంపాదించారు. చాలామంది తోటలు కాపుకొచ్చేసరికి, 2005 నాటికి, ధర కూలిపోయింది.

అందుకే తీగ అమ్మేవాడు చెప్పే ధర మీద లెక్క వేయకండి. కాయ కొనేవారిని ముందు కలవండి, పచ్చికాయ తీసుకుంటారో ఎండుకాయే అడుగుతారో తేల్చుకోండి. తర్వాత ఇంటి మనుషులు చూసుకోగలిగినంతలో, ఓ 50 తీగలతో మొదలుపెట్టండి.