పేరు మారినా... రెక్కలు అవే!

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు వెనక్కి వెళ్తుంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పాన్‌కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ అక్షరం మళ్లీ విడిపోయి పొడుగాటి పేరవుతుంది. మన తెలుగిళ్లలో ఈ గొడవ ఎవరికి తెలియదు గనుక! వీసా కోసం పరుగులు పెట్టే అబ్బాయి, పెళ్లయ్యాక బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు మార్చుకోబోయిన అమ్మాయి... అంతా నోటరీల చుట్టూ, జిరాక్సు షాపుల చుట్టూ తిరిగినవాళ్లే. ఒక్క ఇంటిపేరుకే ఇంత తంటా. మరి పేరు మొత్తం మారిపోయి, దాని పక్కనున్న ‘స్త్రీ’ అన్న మాట ‘పురుషుడు’ అయితే? అదీ ఆ కాగితం రేషన్ కార్డో, కరెంటు బిల్లో కాకుండా విమానం నడిపే లైసెన్సయితే?

ఊహించి చెబుతున్న సంగతి కాదిది. మన దక్షిణాదిలోనే, కేరళలో ఒక కుర్రాడు ఈ ప్రశ్నని దేశం ముందుకు తెచ్చాడు. అతని పేరు ఆడమ్ హ్యారీ.

జొహానెస్‌బర్గ్ నుంచి జ్యూస్ షాపుకి...

ఆడమ్‌ది త్రిశ్శూర్. పుట్టినప్పుడు కాగితాల్లో అమ్మాయి అని రాశారు. మనసు మాత్రం తాను అబ్బాయినేనని చెప్పేది. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పేది, విమానం నడపాలని! చదువు విషయంలో అమ్మానాన్నలు వెనకాడలేదు. ప్లస్‌టూ అయ్యాక దక్షిణాఫ్రికా పంపించారు. జొహానెస్‌బర్గ్‌లో శిక్షణ తీసుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్సు సంపాదించాడు. ఆ లైసెన్సుతో విమానం నడపొచ్చుగానీ నడిపినందుకు జీతం తీసుకోకూడదు. ఉద్యోగం కావాలంటే దాని తర్వాతి మెట్టు, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉండాలి. మన దేశంలో దానికి 200 గంటలు గాల్లో తిరగాలి. ఒక్కో గంటా వేల రూపాయల ఖర్చు.

ఆ మెట్టు ఎక్కకముందే ఇంట్లో తెలిసిపోయింది, కూతురు తనని తాను కొడుకనుకుంటోందని. వెనక్కి పిలిపించారు. గడప దాటనివ్వలేదు. దాదాపు ఏడాది తర్వాత, పందొమ్మిదేళ్ల వయసులో ఆడమ్ ఇల్లు వదిలి ఎర్నాకుళం చేరాడు. రైల్వేస్టేషన్లలో, బస్టాండుల్లో పడుకున్నాడు. జ్యూస్ షాపులో పనిచేశాడు. విమానం నడపడం వచ్చిన కుర్రాడు పళ్లరసం తీసి పొట్టపోసుకుంటున్నాడన్న సంగతి పత్రికల్లో వచ్చాకే ప్రభుత్వం కదిలింది. 2019లో కేరళ సామాజిక న్యాయ శాఖ అతని కమర్షియల్ శిక్షణకోసం 23 లక్షల 34 వేల రూపాయలు మంజూరు చేసింది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ అకాడమీలో సీటూ వచ్చింది. ట్రాన్స్‌జెండర్ యువకుడి పైలట్ చదువుకి ఒక రాష్ట్ర ప్రభుత్వం ఫీజు కడుతోందని అంతా మెచ్చుకున్నారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

‘మందు ఆపి రండి!’

మన దేశంలో ఎవరు పైలట్ కావాలన్నా పౌర విమానయాన డైరెక్టరేట్... అదే, డీజీసీఏ పెట్టే వైద్య పరీక్షలో నెగ్గాలి. కంటిచూపు, చెవులు, గుండె, రక్తపోటు, మానసిక స్థితి అన్నీ చూస్తారు. ఆడమ్‌ని చూసిన వైద్యులు 2020లో ‘తాత్కాలికంగా అనర్హుడు’ అని రాశారు. కారణం కళ్లు కాదు, గుండె కాదు. పురుషుడిగా మారేందుకు అతను తీసుకుంటున్న హార్మోన్ల చికిత్స. ఆ మందు మానేసి వస్తే చూద్దామన్నారు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో చాలామందికి ఈ చికిత్స ఏ పదిరోజుల కోర్సో కాదు, ఏళ్లతరబడి సాగేది. మానేసి రమ్మనడమంటే లైసెన్సు కావాలో, నువ్వు కావాలో తేల్చుకోమనడమే. కుర్రాడు రెండేళ్లు తిరిగాడు. చేతిలో డబ్బు అయిపోయి ఇంటింటికీ భోజనాలు అందించే పనిలో చేరాడు.

ఇక్కడ వైద్యుల వైపూ కాస్త ఆలోచించాలి. వాళ్ల భయం పూర్తిగా పుట్టించుకున్నది కాదు. టెస్టోస్టిరాన్ తీసుకుంటే రక్తంలో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడే అవకాశం ఉంటుంది. ఈస్ట్రోజెన్‌తో కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. వేలాది అడుగుల ఎత్తులో, ఒకేచోట గంటల తరబడి కూర్చునే ఉద్యోగంలో ఇవి పట్టించుకోవాల్సిన విషయాలే. అయితే ఎర్రకణాలు పెరిగాయో లేదో చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది. థైరాయిడ్ మాత్ర కూడా హార్మోనే కదా! రోజూ పొద్దున్నే అది వేసుకుని విమానం నడిపే పైలట్లు ప్రపంచమంతా ఉన్నారు. మోతాదు కుదురుకుంటే చాలు, ఎవరూ కాదనరు. మరి ఒక హార్మోనుకి ఒక న్యాయం, ఇంకో హార్మోనుకి ఇంకో న్యాయమా?

ఈ ప్రశ్న ఢిల్లీ దాకా వెళ్లింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ డీజీసీఏకి లేఖ రాసింది. 2022 జులైలో డీజీసీఏ వివరణ ఇచ్చుకుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పైలట్ కావడానికి ఎలాంటి నిషేధమూ లేదనీ, దుష్ప్రభావాలు లేకపోతే హార్మోన్ చికిత్స అడ్డంకి కాదనీ చెప్పింది. మోతాదు కుదురుకునేవరకూ మాత్రం విమానం నడపకూడదంది. ఆ మరుసటి నెలలోనే, 2022 ఆగస్టులో, ఇలాంటి అభ్యర్థులను ఎలా పరీక్షించాలో వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చింది. చికిత్స మొదలెట్టినా, మోతాదు మార్చినా కనీసం మూడు నెలలు ఆగాలి. గత అయిదేళ్లలో చికిత్సగానీ శస్త్రచికిత్సగానీ జరిగితే మానసిక ఆరోగ్య నివేదిక తేవాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వైద్యులు కూడా ఇలాంటి అయిదేళ్ల గీతే గీసుకున్నారు.

మూడు నెలల విరామం సబబే. అయిదేళ్లపాటు మనసుకి సర్టిఫికెట్ అడగడం మాత్రం కాస్త ఎక్కువే అనిపిస్తుంది. పైలట్లలో ఒక పాత జబ్బుంది. లైసెన్సు పోతుందన్న భయంతో డాక్టరు దగ్గర నోరు విప్పరు. పరీక్షలు ఎంత పెంచితే ఆ నోళ్లు అంత బిగుసుకుంటాయి.

ఇంతకీ లైసెన్సులో ఏముంటుంది?

ఆరోగ్యం గొడవ తేలిందనుకుందాం. ఇక కాగితం సంగతి. ఏ దేశపు పైలట్ లైసెన్సయినా ఎలా ఉండాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక పద్ధతి పెట్టింది. లైసెన్సు సంఖ్య, పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, జాతీయత, సంతకం, ఏయే విమానాలు నడపొచ్చో... ఇలా వరసగా ఉంటాయి. ఆశ్చర్యమేమిటంటే ఆ వరసలో ఆడా మగా అన్న గడి లేదు! విమానం ఎగరడానికి ఆ వివరంతో పనిలేదని ఆ నియమం రాసినవాళ్లకు తోచినట్టుంది.

అమెరికా మాత్రం తన కార్డు మీద ఆ గడి పెట్టుకుంది. రైట్ సోదరుల బొమ్మతో ముచ్చటగా ఉండే ఆ ప్లాస్టిక్ కార్డులో ఎత్తు, బరువు, జుట్టు రంగు, కళ్ల రంగుతోపాటు లింగం కూడా అచ్చవుతుంది. కార్డు మీద పైలట్ ఫొటో ఉండదు కాబట్టి మనిషిని పోల్చుకోవడానికి అలా రాస్తారన్నమాట. అక్కడ పేరు మార్చుకోవాలంటే పాత లైసెన్సుతోపాటు పెళ్లి ధ్రువపత్రమో, కోర్టు ఉత్తర్వో, పేరు మారినట్టు చూపే మరో పత్రమో ఇవ్వాలి. పెళ్లి ధ్రువపత్రం ఎందుకంటారా... పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఆడపిల్లలకోసం! అంటే పైలట్ పేరు మారడం విమానయానానికి కొత్తేమీ కాదు. మహిళా పైలట్ల శాతంలో ప్రపంచంలోనే ముందువరసలో ఉన్న మన దేశానికి అసలే కాదు. పెళ్లికూతురికి పరిచిన దారిలోనే ఆడమ్ లాంటివాళ్లూ నడవొచ్చు. దారి ఉంది, నడవనిచ్చే మనసు కావాలి.

ఆ మనసు ఎప్పుడూ ఒకలాగే ఉండదు కూడా. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ప్రభుత్వ గుర్తింపు పత్రాల్లో పుట్టినప్పటి లింగమే ఉండాలంటూ ఉత్తర్వు ఇచ్చారు. పాస్‌పోర్టుల విషయంలో దాన్ని కింది కోర్టులు నిలిపేసినా, అదే ఏడాది నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వానికి దారిచ్చింది.

గొలుసులో ఎన్ని లింకులో!

పైలట్ చేతిలో ఉండేది ఒక్క లైసెన్సే అనుకుంటే పొరపాటు. డీజీసీఏ పరీక్షలు రాయాలంటే ముందు కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి. దానికి పదీ, ఇంటర్ సర్టిఫికెట్లు నిజమైనవేనని బోర్డు చెప్పాలి. అంటే పైలట్ జీవితం మొత్తం పదో తరగతి మెమోలోని పేరు మీదే మొదలవుతుంది. ఆపైన వైద్య పరీక్షల ఫైలు, రేడియోలో మాట్లాడేందుకు మరో లైసెన్సు, ఇంగ్లిషు ప్రావీణ్యానికి ముద్ర, విమానాశ్రయంలోకి వెళ్లడానికి పాసు, విదేశాలకు ఎగరాలంటే పాస్‌పోర్టు. ఒకదాంట్లో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో పేరు ఉంటే గేటు దగ్గరి భద్రతా సిబ్బందే ఆపేస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల పనే అది.

అన్నిటికన్నా విలువైనది లాగ్‌బుక్. ఏ రోజు, ఏ విమానం, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు అన్నీ అందులో ఉంటాయి. పక్కన గురువు సంతకం. మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజూ అందులోనే. ఆ పేజీలన్నీ పాత పేరు మీదే ఉంటే? వాటిని కొట్టేసి తిరగరాయడం కుదరదు. రాస్తే అది దొంగ లెక్క అవుతుంది. పాత పేరు మనిషీ, కొత్త పేరు మనిషీ ఒకరేనని చూపే కాగితం ఒకటి మధ్యలో వంతెనలా ఉండాలి.

మన చట్టంలో ఆ వంతెనకి పునాది ఉండటం విశేషం. తన లింగమేమిటో చెప్పుకునే హక్కు మనిషికి ఉందని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తర్వాత ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2019లో వచ్చి, 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనల్లో చిన్న వాక్యం ఒకటుంది. పేరు, లింగం, ఫొటో మార్చి ఇచ్చే పత్రం మీద పాత పత్రం సంఖ్యే ఉండాలని! పైకి గుమాస్తా మాటలా కనిపిస్తుందిగానీ, పైలట్‌కి అది ప్రాణం. సంఖ్య మారకపోతే గంటలు పోవు, రాసిన పరీక్షలు పోవు. మార్పుకి దరఖాస్తు చేసుకుంటే 15 రోజుల్లో చేసివ్వాలని కూడా ఆ నిబంధనల్లో రాశారు. ఆఫీసుల్లో ఈ 15 రోజులు ఎన్ని నెలలవుతాయో మనకి తెలియనిది కాదనుకోండి.

వరస తప్పితే అంతే సంగతులు

కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రంతో మొదలవ్వాలన్నది ఆ నిబంధనల్లోని పద్ధతి. శస్త్రచికిత్స తర్వాత స్త్రీ అనో పురుషుడు అనో రాయించుకోవాలంటే ఆసుపత్రి ధ్రువీకరణతో సవరించిన పత్రం తీసుకోవాలన్నారు. ఇలాంటి చట్టాలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేనాటికి ఏ నిబంధన ఉందో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోవడం మేలు. అది చేతికొచ్చాక ఆధార్, పాస్‌పోర్టు, బోర్డు సర్టిఫికెట్లు చూసుకుని, చివర్లో లైసెన్సు జోలికి వెళ్లడం తేలిక. ముందే డీజీసీఏకి పరిగెత్తితే, ‘మీ మెమోలో వేరే పేరుందే’ అన్న ప్రశ్న దగ్గర బండి ఆగిపోతుంది.

ఈమధ్య ఇంకో మార్పొచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సులు ప్రారంభించారు. చైనా తర్వాత ఈ పని చేసిన రెండో దేశం మనదే. లైసెన్సు ఇప్పుడు ఫోన్లో కనిపిస్తుంది. పేరు మారిన ప్రతిసారీ కొత్త కార్డు అచ్చయి, పోస్టులో వచ్చేదాకా ఎదురుచూడాల్సిన అవసరం దీంతో తగ్గాలి. కంప్యూటర్లో సంఖ్య మారకుండా పేరు మార్చడం పెద్ద విద్యేం కాదు.

పాత కాగితాలు మాత్రం అటకెక్కించకూడదు. పాత పేరున్న లైసెన్సు నకలు, పేరు మారినట్టు చెప్పే గెజిట్, కలెక్టర్ పత్రం... మూడూ లాగ్‌బుక్‌తోపాటే ఉండాలి. ఇరవయ్యేళ్ల తర్వాత ఏ గల్ఫ్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగానికో వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చున్న అధికారి మొదటి పేజీ తిప్పి, ‘ఈ గంటలు ఎవరివి?’ అని తప్పకుండా అడుగుతాడు.