కారు మోతలో కబురుంది!

యాక్సిలరేటర్‌ తొక్కగానే కారులో కొత్త చప్పుడు మొదలైందా? పాటల సౌండు పెంచేసి ఊరుకోకండి. కొన్ని మోతలు చిన్న క్లిప్పుతో పోతాయి. కొన్ని మాత్రం ప్రాణాల మీదికే తెస్తాయి. ఏది ఏదో గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు.

అలిపిరి టోల్‌గేటు దాటింది కారు. తిరుమల ఘాట్‌ రోడ్డు మొదలైంది. వెనక సీట్లో నానమ్మ గోవింద నామాలు అందుకుంది. ఎత్తు ఎక్కడానికి నాన్న యాక్సిలరేటర్‌ గట్టిగా తొక్కాడో లేదో... టకటకమంటూ ఒకటే చప్పుడు. కాలు తీస్తే మాయం. తొక్కితే ప్రత్యక్షం!

‘ఏంట్రా ఆ చప్పుడు?’ నామాలు ఆపి అడిగింది నానమ్మ.

‘ఏం లేదమ్మా, ఎత్తు కదా’ అనేశాడు నాన్న.

చాలా కుటుంబాల్లో జరిగేది ఇదే. చదును రోడ్డు మీద మామూలుగా వెళ్తుంటే ఇంజిన్‌ మీద భారం తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడో, లారీని దాటేటప్పుడో ఆ భారం ఒక్కసారిగా పెరుగుతుంది. సిలిండర్లలో ఒత్తిడి ఎక్కువవుతుంది. పొగ జోరుగా బయటికొస్తుంది. ఇంజిన్‌ ఓ పక్కకి ఒరుగుతుంది. అప్పటిదాకా నోరు మెదపని చిన్న చిల్లు, వదులైన బోల్టు... అన్నీ అప్పుడే బయటపడతాయి.

ముందు ఈ పరీక్ష

కారుని ఆరుబయట చదునైన చోట ఆపండి. హ్యాండ్‌బ్రేక్‌ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్‌ మెల్లగా తొక్కండి. నిలబడి ఉన్నా చప్పుడు వస్తోందంటే లోపం ఇంజిన్‌, బెల్టు, సైలెన్సర్‌ గొట్టాల వైపు ఉన్నట్టు. కదిలితేనే వస్తోందా? ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో వెళ్తూ గేరు మార్చి చూడండి. గేరుతోపాటు చప్పుడూ మారితే అది ఇంజిన్‌దే కావచ్చు. గేరు మారినా మారకుండా వేగాన్ని బట్టే పెరుగుతుంటే టైర్లు, చక్రాల బేరింగుల మీద అనుమానపడాలి.

ఏ చప్పుడుకి ఏ జబ్బు?

కీచుమంటే: స్టార్ట్‌ చేయగానే, ఏసీ వేయగానే ఎక్కువైతే బెల్టు వదులైందో, అరిగిందో చూడాలి. తెగేదాకా ఆగితే దారిలో నిలబడిపోవాల్సిందే.

గలగలమంటే: కారు కింద రేకు కొట్టినట్టు వినిపిస్తే సైలెన్సర్‌ గొట్టానికి వేడి తగలకుండా పెట్టిన రేకు వదులై ఉండొచ్చు. హోస్‌ క్లిప్పు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

బుస్సుమంటే: పికప్‌ కూడా తగ్గితే గాలి వెళ్లే గొట్టం చిరిగిందేమో చూపించండి.

మలుపులో టక్‌టక్‌మంటే: ముందు చక్రాల దగ్గర యాక్సిల్‌ జాయింటు అరిగినట్టు. దాని మీది రబ్బరు బూటు చిరిగి, గ్రీజు కారిపోయి, మట్టి చేరడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. బూటు చిరిగిన కొత్తలోనే మారిస్తే జాయింటు దక్కుతుంది.

కదిలేటప్పుడు ‘దబ్‌’మంటే: ఇంజిన్‌ మౌంటింగుల రబ్బరు పాడై ఉండొచ్చు.

ఇంజిన్‌ మోత పెరిగినా కారు ముందుకు సాగకపోతే: క్లచ్‌ జారుతోందన్నమాట.

ఎత్తులో టకటకమంటే: పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం పద్ధతిగా మండకుండా అడ్డదిడ్డంగా పేలుతోందని అర్థం. పెద్ద గేరులో బలవంతంగా లాగించడం, నాసిరకం పెట్రోలు, లోపల పేరుకున్న మసి ఇందుకు కారణాలు. వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. ఈ టకటకని ఆపడానికే ఒకప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవారు. 1921లో అమెరికాలో కనిపెట్టిన ఉపాయమది. సీసం ఆరోగ్యానికి చేటని మనదేశంలో 2000లో ఆపేశారు.

ఇది మాత్రం వద్దే వద్దు!

తొక్కినప్పుడల్లా ఫట్‌ఫట్‌మనో, భగభగమనో మోత పెరుగుతోందంటే పొగ గొట్టం ఎక్కడో లీకవుతున్నట్టు. ఆ పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. అద్దాలు బిగించుకుని కూర్చున్న కారులోకి చేరితే తలనొప్పి, వికారం, మగత కమ్ముకొస్తాయి. పిల్లలు నిద్రపోతున్నారనే అనుకుంటాం! కారులో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, దిగి గాలి పీల్చుకోగానే తగ్గితే అనుమానించాల్సిందే. వెంటనే కారు పక్కకి ఆపి అందరూ దిగిపోండి. మగతగా ఉన్నవాళ్లని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లీకు బాగుచేయించేదాకా ఆ కారులో ప్రయాణం వద్దు. తలుపులు మూసిన గ్యారేజీలో అసలే ఇంజిన్‌ ఆన్‌లో ఉంచకూడదు.

షెడ్డుకి వెళ్లేముందు

‘ఏదో సౌండొస్తోంది’ అంటే మెకానిక్‌ ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతాడు, బిల్లు పెరుగుతుంది. అందుకే ఏ గేరులో, ఎంత వేగంలో, ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, మలుపులోనా ఎత్తులోనా... రాసి పెట్టుకోండి. వెనక కూర్చున్నవాళ్లతో సెల్‌ఫోన్లో రికార్డు చేయించండి. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు తిప్పండి. పార్టు మార్చే ముందు లోపం చూపించమనండి.

ఇంతకీ ఘాట్‌ రోడ్డు మీది నాన్న ఏం చేశాడు? మూడో గేరులోంచి రెండుకి మార్చాడు. టకటక ఆగింది. అయినా ఊరికి రాగానే షెడ్డుకి తీసుకెళ్లాలి. రోజూ నడిపేవాళ్ల చెవికి మోత అలవాటైపోతుంది. ఎప్పుడో ఓసారి కారెక్కే నానమ్మలకే తేడా ముందు తెలుస్తుంది. ఈసారి ఆవిడ ‘ఏంట్రా ఆ చప్పుడు?’ అంటే... ‘ఏం లేదమ్మా’ అనకండి!