ఎర్రదీపం వెలిగితే

హాస్టల్లో ఇంటర్నెట్ ఆగగానే అందరి చూపూ గోడమీది పెట్టెకేసి పోతుంది. ఎల్.ఓ.ఎస్. అన్న అక్షరాల దగ్గర ఎర్రదీపం కనిపిస్తే చాలు, "పెట్టె పాడైంది, మార్చెయ్యండి" అనేస్తారు. నిజానికి ఆ దీపం చెప్పేది ఒక్కటే: నాకు వెలుగు అందడం లేదు అని. దారిలో ఎక్కడ ఆగిందో దానికేం తెలుసు? కాలవలో నీళ్ళు రాకపోతే గగ్గోలు పెట్టేది చివరి పొలంవాడు; గండి పడేది ఎగువన ఎక్కడో. ఈ తేడా గ్రహించకపోతే బాగున్న పెట్టె పోయి కొత్త పెట్టె వస్తుంది, ఎర్రదీపం మాత్రం అలాగే ఉంటుంది.

ముందు తేల్చుకోవలసింది, పోయింది కరెంటా, ఫైబరా అని. ఇందుకొక చక్కని ఏర్పాటుంది. కరెంటు పోయిన క్షణంలో, మిగిలిన కాస్త శక్తితో పెట్టె ఎక్స్ఛేంజికి ఒక ఆఖరి కబురు పంపుతుంది. దానికి ఇంజనీర్లు పెట్టిన పేరు 'డైయింగ్ గ్యాస్ప్', అంటే కొన ఊపిరి అన్నమాట! ఆ కబురు అందాక పెట్టె మూగబోతే కరెంటు పోయినట్టు. అందకుండానే మూగబోతే ఫైబరును అనుమానించాలి. వీధిలోని పెట్టెలన్నీ ఒక్కసారే అలా మూగబోతే, దెబ్బ తగిలింది వాటి ఉమ్మడి ఫైబరుకే.

పూర్తిగా తెగితే నయమే. వెలుగు సన్నగిల్లితేనే చిక్కు. దీపం పచ్చగానే ఉంటుంది, సమాచారం మాత్రం తప్పులతో వస్తుంది. సి.ఆర్.సి. తప్పుల లెక్క పెరుగుతోందంటే పవర్ మీటరు తీయాలి. ఇళ్ళలో వాడే పెట్టెలు సాధారణంగా మైనస్ 27 డి.బి.ఎమ్. దాకా తట్టుకుంటాయి. మూడు డెసిబెల్స్ తగ్గితే వెలుగు సగమైనట్టే. చాలాసార్లు దోషి కనెక్టరు మీది దుమ్ము. వెలుగు నడిచే గాజు వెడల్పు 9 మైక్రాన్లు, తలవెంట్రుకలో ఎన్నోవంతు! చొక్కా కొసతో తుడిస్తే మురికి ఇంకా పెరుగుతుంది. అందుకని వేరే తుడుపుగుడ్డ ఉంది. కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడకూడదు. ఆ కాంతి కంటికి కనబడదు, అయినా కంటికి చేటే.

ఇక మెలిక సంగతి. 1310 నానోమీటర్ల కాంతి బాగానే వచ్చి, 1550 కాంతి బాగా తగ్గితే, ఫైబరు ఎక్కడో వంగి నలిగిందని అర్థం.

తెగిన చోటు పట్టేది ఓ.టి.డి.ఆర్. అనే పరికరం. కొండ ఎదుట కేక వేసి ప్రతిధ్వని కోసం ఆగినట్టు, వెలుగు తునక పంపి తిరుగు రాకకు పట్టిన కాలం కొలుస్తుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కిలోమీటరు దూరం పోయి రావడానికి 10 మైక్రోసెకన్లు. 50 పట్టిందంటే తెగింది 5 కిలోమీటర్ల దగ్గర. తెర మీది గీతలో అతుకు చిన్న మెట్టులా, కనెక్టరు ముల్లులా కనబడతాయి. తెగినచోట గీత పాతాళానికి పోతుంది. అయితే ఆ 5 కిలోమీటర్లు ఫైబరు పొడవే గాని రోడ్డు పొడవు కాదు. దారిలో గుంటల్లో చుట్టలు చుట్టి వదులు వదిలేస్తారు కదా! అనుభవమున్న లైన్‌మన్ ఆ చుట్టల లెక్క తీసేశాకే గడ్డపార పట్టుకుంటాడు.