ఇంటిల్లిపాదీ కలిసేదెప్పుడు?



“ఇంట్లో మనిషి నిలవడం లేదండీ!” ఏ నలుగురు ఆడవాళ్ళం కలిసినా ఇదే మాట. ఆయన డ్యూటీకి, అబ్బాయి కాలేజీకి, అమ్మాయి ట్యూషనుకి. మిగిలేది మనమూ, మూతపెట్టిన అన్నం గిన్నే. ఎవరినో నిందించే ముందు, ఇలా ఎందుకు జరుగుతున్నదో కాస్త ఆలోచిద్దాం.

మాది సారపాక. గోదావరికి ఇవతలి ఒడ్డు. వారధి దాటితే భద్రాచలం. 1979లో ఇక్కడి కాగితం మిల్లులో ఉత్పత్తి మొదలయ్యాక, అడవి పక్కనున్న మా ఊరికి షిఫ్టే గడియారమైంది. పొలం పనిలో కష్టం తక్కువేమీ కాదు. కాని ఆలుమగలు ఒకే చేలో ఉండేవారు, సద్దిమూట ఒకే చెట్టుకింద విప్పేవారు. పొద్దుగూకితే పని ఆగేది. మిల్లులో అలా కుదరదు. కాగితం యంత్రం మన స్టవ్వులాగా ఆర్పి వెలిగించేది కాదు. గుజ్జు వరసగా రావాలి, ఆవిరితో కాగిన రోలర్లమీద కాగితం తెగకుండా ఆరాలి. ఒకసారి ఆపితే మళ్ళీ దారికి తేవడం పెద్ద పని. అందుకే రేయింబవళ్ళు మూడు షిఫ్టులు. మణుగూరు, కొత్తగూడెం బొగ్గుగనుల కుటుంబాలదీ ఇదే వరస.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనికి వారానికి 48 గంటల హద్దు పెట్టింది. ఎన్ని గంటలన్నది సరే, ఏ గంటలన్నదే మన చిక్కు! పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటిరాదు. వెలుతురూ చప్పుడూ పడనివ్వవు. నిద్ర చాలని మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే.

మా వారు రాత్రి షిఫ్టు చేసివచ్చి పడుకుంటే, కుక్కరు విజిల్ కూడా రానిచ్చేదాన్ని కాదు. పిల్లలు గొంతెత్తితే “ష్!” అనేదాన్ని. ఒకసారి మా అమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. తండ్రి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని పదిరోజులు పుస్తకంలో దాచుకుంది. “ఎందుకు చెప్పలేదే?” అంటే, “పోయినవారం నాన్న నిద్ర. ఈవారం నేనొచ్చేసరికి డ్యూటీ. నువ్వేమో ఎప్పుడూ ‘ష్’ అంటావు” అంది. నా నోట మాట రాలేదు. తండ్రికి తీరిక లేదు, సరే. ఇంట్లోనే ఉన్న నాకేమైంది?

ఆ రోజే క్యాలెండరుమీద షిఫ్టులు రాసి వంటింట్లో తగిలించాను. పొద్దుటి షిఫ్టు వారం రాత్రి భోజనం, మధ్యాహ్నం షిఫ్టు వారం పొద్దుటి ఫలహారం, రాత్రి షిఫ్టు వారం ఎనిమిదికల్లా భోజనం – రోజుకి ఒక్కపూట అందరం కలిసే. ఆ అరగంట టీవీ బందు, సెల్‌ఫోన్లు అలమారలో.

ఇంకొక్క మాట. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. అంటే ఇంట్లో ఉన్నా మనం పొయ్యి దగ్గరే! కలిసి తినడం మనకు మరో చాకిరీ కాకూడదు. ఒకరు కంచాలు పెట్టాలి, ఒకరు మంచినీళ్ళు తేవాలి. మనమూ వాళ్ళతోపాటే కూర్చోవాలి.

బయటికి వెళ్ళినవాళ్ళు ఇంటిమీద ప్రేమ లేక వెళ్ళడం లేదు. ఆ జీతంతోనే పిల్లల చదువు సాగుతోంది. షిఫ్టును మనం మార్చలేం. ఆ అరగంటను మాత్రం జారిపోనివ్వకండి.

ఉంటాను, సెలవు.