వార్తల్లో పదం: స్కూల్ కౌన్సెలర్

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పరీక్షలకు చదివే పిల్లలు పొద్దుపోయినా పుస్తకం మీంచి తల ఎత్తరు. ఎన్ని మార్కులొచ్చాయని అందరూ అడుగుతారు. మనసెలా ఉందని అడిగేదెవరు?

అలా అడగడమే కౌన్సెలర్ ఉద్యోగం. నిద్ర చెడిన, మాటలు మానేసిన పిల్లల్ని ముందే కనిపెట్టి, పక్కన కూర్చుని వినాలి. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపాలి.

విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది.

మరి జీతం? లెక్కల టీచరు జీతంలాగే ఇదీ ఏటా బడ్జెట్‌లో ఉండాలి. లేదంటే ఈ బరువూ పీఈటీ సారు నెత్తినే పడుతుంది. కౌన్సెలర్ వచ్చేలోపు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. దాని నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాయాలనీ కోర్టు చెప్పింది.